పడుకొని సంపాదించే జాగా

మా ఎకానమీ సారు పోయారు. మొన్న ఆదివారం పొద్దున్నే ఆస్పత్రి నుంచి ఆయన భార్య ఫోన్ చేశారు. మేమంతా ఆమెను మేడం అంటాం. ఏడుస్తారనుకున్నాను, ఏడవలేదు. "సారు పోయిండు బాబూ. ఇప్పుడు ఏడికి తీస్కపోవాలె?" అని అడిగారు.

అద్దె ఇళ్లలో బతికినవాళ్లకు ఈ ప్రశ్న విప్పి చెప్పక్కర్లేదు. తెలియనివాళ్లు ఉంటే వాళ్ల కోసం చెబుతున్నాను. మన దగ్గర కిరాయికున్న మనిషి చనిపోతే శవాన్ని గేటు లోపలికి రానివ్వని ఇళ్లు చాలా ఉన్నాయి. నేనూ మీర్‌పేట్‌లో అద్దెకే ఉంటాను. మా ఇంటికి తీసుకురండి అనడానికి నాకూ నోరు రాలేదు.

సారు దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్లలో గ్రూప్స్ వాళ్లకు పాఠం చెప్పేవారు. ధరల చాప్టర్ వచ్చిందంటే పూనకమే. "బస్సు టికెట్‌కు సర్కారు రేటు కడ్తది. సినిమా టికెట్‌కు కడ్తది. ఇల్లు కట్టుకునే జాగకు ఎందుకు కట్టది? చెప్పుండ్రి!" ఓసారి నేను లేచి, "టికెట్లు బ్లాకుల అమ్మినట్టు జాగలు గూడ బ్లాకుల అమ్ముతరు సార్" అన్నాను. "ఇప్పుడు తెల్లగ అమ్ముతున్నరా బిడ్డా?" అన్నారు. క్లాసంతా గొల్లుమంది. నవ్వులు ఆగాక మాత్రం మెల్లగా అన్నారు. "వాడు చెప్పింది గూడ ఖరాబేం లేదు. రేటు కడితే అమ్మేటోడు దాస్కుంటడు. కట్టకపోతే కొనేటోడు మునుగుతడు. పరీక్షల రెండూ రాయుండ్రి. ఇంటికి పోయినంక ఆలోచన చెయ్యుండ్రి."

ఎల్‌బీ నగర్‌లో ఆయన ఉండే పోర్షన్‌కు ఎదురుగా ఒక ఖాళీ ప్లాటు. దాని ఓనరు ఎవరో ఆ వీధిలో ఎవరూ చూడలేదు. ఇతరులు ప్రవేశించరాదని బోర్డు మాత్రం ఉంది. మిగతాదంతా పిచ్చిమొక్కలు. సారు రోజూ అరుగు మీద చాయ్ తాగుతూ దాన్ని చూసి నవ్వేవారు. "పొద్దంత నిలవడి గొంతు చించుకుంట నేను. గిది పండుకొనే నాకంటె ఎక్కువ సంపాయిస్తది." నేనూ నవ్వేవాణ్ని.

ఆదివారాలు ఇళ్లు చూడ్డానికి నన్ను వెంటబెట్టుకుని వెళ్లేవారు. బ్రోకరు వంటగది చూపిస్తుంటే సారు చేతులు చాచి తలుపు వెడల్పు చూసేవారు. లిఫ్టులోకి వెళ్లి, "మనిషిని పండవెట్టి దించొస్తదా?" అని అడిగేవారు. బ్రోకరు మొహం మాడిపోయేది. నాకు తల కొట్టేసినట్టుండేది. ఉండబట్టలేక ఒకరోజు అడిగేశాను. వాళ్లమ్మ పోయినప్పుడు అప్పటి ఓనరు ఒప్పుకోలేదట. ఆమెను ఆస్పత్రి నుంచి అటే నల్గొండ దగ్గర ఊరికి తీసుకెళ్లారట. "మనిషి నిలవడి లోపలికి పోతడు, పండుకొని బయటికొస్తడు. రెండిటికి తోవ ఉండాలె" అన్నారు.

ఆ తోవ దొరకలేదు. దిల్‌సుఖ్‌నగర్‌లో చూశారు, ఎల్‌బీ నగర్‌లో చూశారు, మీర్‌పేట్ దాటి కూడా చూశారు. మెట్రో పిల్లర్లు లేస్తుంటే మేమంతా సంబరపడ్డాం. పిల్లర్లతో పాటు రేట్లూ లేచాయి. "నేను చిట్టి ఎత్తేటాల్లకు వాళ్లు రేటు ఎత్తిండ్రు" అనేవారు. ఊళ్లో ఇల్లు పిల్లల చదువులకు అప్పటికే అమ్మేశారు. వాళ్లమ్మకున్న ఊరు కూడా ఆయనకు మిగల్లేదు.

ఇంటి ఓనరు చెడ్డవాడేం కాదు. కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డ మనిషి, సారంటే ప్రాణం. ఆ ఉదయం గేటు దగ్గర కళ్లు తుడుచుకుంటూ నా చేతులు పట్టుకున్నాడు. "నాకేం పట్టింపు లేదండీ. లోపల అమ్మాయి పెళ్లి పనులు మొదలెట్టాం. మా అమ్మ ఒప్పుకోవట్లేదు. ఏమీ అనుకోకండి" అన్నాడు. ఏమనుకోను? వీధి చివర అంబులెన్సు ఆగి ఉంది. ఆ బండిలో సారు ఉన్నారు.

మేడం బండి దిగి వచ్చి ఎదురుగా ఉన్న ఖాళీ ప్లాటు వైపు చూశారు. "గా జాగల పండవెడ్దాం. ఎవ్వరొస్తరు అడగనీకి?" అన్నారు.

ఆయన దగ్గర చదువుకుని ఉద్యోగాలు తెచ్చుకున్నవాళ్లు ఇస్త్రీ చొక్కాలతోనే పిచ్చిమొక్కలు పీకారు. షామియానా లేచింది. ఓనరు తన ఇంట్లోంచే కుర్చీలు మోశాడు, ఫ్రీజర్ పెట్టెకు కరెంటు వైరు లాగించాడు. జీవితమంతా ఇల్లు వెతికిన మనిషిని ప్రవేశించరాదన్న బోర్డు పక్కన పడుకోబెట్టాం. పిల్లలు పైఊళ్ల నుంచి చేరుకున్నాక, మధ్యాహ్నం అక్కడి నుంచే ఎత్తుకెళ్లాం. ఇంత పెద్ద ఊళ్లో ఆయనకొక గుమ్మం లేకపోయిందే అన్న బాధ నాకింకా తగ్గలేదు.

శవాన్ని ఉంచిన చోట దినాలు అయ్యేదాకా దీపం పెట్టాలి. మూడో రోజు సాయంత్రం వెళితే మేడం ఆ ప్లాటులోనే ఉన్నారు. ఇటుకలు అడ్డం పెట్టి, మధ్యలో ప్రమిద వెలిగిస్తున్నారు. మొక్కలు పీకిన నేల ఎర్రగా, శుభ్రంగా ఉంది. రోడ్డు మీద పోతున్న బైకు ఒకటి ఆగింది. దాని మీదున్నాయన హెల్మెట్ తీసి, "అమ్మా, ఈ జాగ ఎంత చెప్తున్నరు?" అని అడిగాడు.

మేడం తల ఎత్తలేదు. గాలి వీస్తోంది. రెండు చేతులూ దీపానికి అడ్డం పెట్టి, "మాది గాదు బిడ్డా" అన్నారు.