ఆగయ్య నురుగు పరీక్ష

“సబ్బు నా జేబులనే ఉంది బిడ్డా, నువ్వు నల్లా ఇప్పు చాలు. పానా ముట్టుడు తర్వాత!”

సైదాబాద్‌లో ఎవరింటికి వెళ్ళినా ఆగయ్య ముందు చేతులు కడుక్కుంటాడు. మర్యాదకు కాదు, నీళ్ళను పరీక్షించడానికి. జేబులో సబ్బుముక్క లేకుండా ఆయన్ని చూసినవాళ్ళు లేరు. ప్లంబర్ ప్రేమ్‌రాజ్ తన పెళ్ళిచూపులకు ఆయన్ని పెద్దమనిషిగా సంతోష్‌నగర్ తీసుకెళ్తే, తిన్నగా సింకు దగ్గరికి నడిచి, తిరిగొచ్చి తీర్పు చెప్పాడు: “పిల్ల బంగారం. నీళ్ళే జర గరుకు. జల్ది లగ్నం పెట్టుకోండ్రి, పిల్ల జుట్టన్న దక్కుతది.”

ఆ ప్రేమ్‌రాజే ఇవాళ ఆగయ్య ఇంటి పెరట్లో ఉన్న సాఫ్ట్‌నర్‌ను ఊడదీయడానికి వచ్చాడు. పిలిచింది ఆగయ్య కోడలు సుజన.

“నల్లా నీళ్ళు మస్తుగొస్తున్నయ్ మామా. బోరు నీళ్ళే వాడనప్పుడు వాటిని మెత్తగ చేసే మిషనెందుకు? గా జాగల వాషింగ్ మిషన్ పెడదం.”

“గిది ఆగితే నురుగు వోతది.”

“ఎవరి నురుగు మామా?”

ఆగయ్య వినబడనట్టు ప్రేమ్‌రాజ్ వైపు తిరిగాడు. “పురానాపూల్‌ల మా అమ్మ గండిపేట నీళ్ళతోని తల రుద్దితే నురుగు గల్లీ చివరిదాంక పోయేది బిడ్డా!”

ప్రేమ్‌రాజ్ చిన్నప్పుడు విన్న కథలో ఆ నురుగు పక్కింటి గడప దాకానే పోయేది. ఆదివారాలు ఆగయ్య తలంటుతుంటే ఆయన చేతుల కింద తల వంచి, కళ్ళు మండుతున్నా ఆ కథ కోసమే కదలకుండా కూర్చునేవాడు. ఇప్పుడూ ఆపబుద్ధి కాలేదు. నురుగు మూసీ దాటేదాకా విని, అప్పుడు వాల్వు కట్టేశాడు.

గోడ అవతలి నుంచి కేక వచ్చింది. ఇళ్ళ బట్టలుతికే బుచ్చమ్మది.

“ఆగయ్యన్నా! నీ పైపు కారుడు బందైంది! బాగైందా ఏంది?”

ఆ గొంతులో సంతోషం లేదు. ఆగయ్య ముఖంలో నెత్తురు లేదు. ప్రేమ్‌రాజ్ గోడ మీంచి తొంగిచూశాడు. సాఫ్ట్‌నర్ నుంచి ఒక పైపు అవతలికి దిగింది. దాని చివర మూతే లేదు. కింద బుచ్చమ్మ గంగాళం.

“ఇది లీకేజి కాదు గదా బాపూ?”

“మెల్లగ! బోరు నీళ్ళకు ఆమె చేతులు పలిగి నెత్తురొచ్చేది. ఊకెనే ఇస్తనంటె వద్దన్నది. నా పైపు కారుతున్నది, గోడ కూలుతది, జర గంగాళం పెట్టి పుణ్యం కట్టుకో అన్న. నాలుగేండ్ల సంది నా గోడను కాపాడుతున్నది పాపం.”

గుమ్మంలోంచి అంతా విన్న సుజన ముందుకొచ్చింది.

“వాషింగ్ మిషన్ బాత్రూంల పడ్తది తియ్యి,” అని, సాఫ్ట్‌నర్‌లో పోసే ఉప్పు బస్తా మూతి విప్పింది.

ప్రేమ్‌రాజ్ వాల్వు మళ్ళీ తెరిచాడు. ఆగయ్య అతని భుజం పట్టుకుని వీధి తలుపు వైపు నెట్టాడు.

“ఇగ ఉరుకు బిడ్డా. గా లీకేజి బాగుచేసుడు నాతోని కాదు, ఇంకో పదేండ్లు గిట్లనే కారుతదని ఆమెకు చెప్పు. జర కోపంగ చెప్పు. నవ్వినవనుకో, గంగాళం తీసేస్తది!”