చౌడుకు పోని ఎరుపు

మా చిన్నప్పుడు... ఆషాఢం వచ్చిందంటే గడిలో రోలు ముందు కూర్చునేది మా అవ్వే. అమ్మను మేం అవ్వ అనేవాళ్ళం. గడి అంటే మా ఊరి దొర బంగళా. గోరింట చెట్టు ఆ పెరట్లోనే ఉండేది. ఆకు కోసేది మేము, నూరేది మేము... పెట్టుకునేది మాత్రం దొరసాని, ఆమె కూతుళ్ళు.

ఇప్పుడు కొత్తగూడ ఫ్లైఓవర్ ఎక్కితే అద్దాల మేడలు కనబడతాయి చూడండి, ఆ అవతలే ఎక్కడో మా పల్లె. అప్పుడు అన్నీ రాతి గుండ్లు, జొన్న చేలు, ఒక కుంట. నిజాం రాజ్యం ఇక ఉండదట అని పెద్దవాళ్ళు గుసగుసలాడే రోజులు. నాకు ఎనిమిదేళ్ళుంటాయేమో. మాది ఊరందరి బట్టలూ ఉతికే ఇల్లు.

నూరిన చేతులు ఎర్రబడవా అంటారేమో... పడతాయి. కానీ మర్నాటి నుంచి చౌడు మట్టి పెట్టి బట్టలు ఉతికితే ఆ ఎరుపంతా నాలుగు రోజుల్లో కొట్టుకుపోయేది. దొరసానికి అందుకే నిశ్చింత. ఆమె చూడనిది నేను చూశాను. చౌడు అరచేతి మీది రంగును తింటుంది కానీ గోరు మీది రంగు దాని వల్ల కాదు. అవ్వ గోళ్ళు నెలల తరబడి మసక ఎరుపుగానే ఉండేవి మరి!

ఆ ఏడు నాకూ కావాలని అవ్వ ప్రాణం తీశాను. చివరికి ఒక పిడికెడు ముద్ద మోదుగాకులో చుట్టి కొంగున దాచి తెచ్చింది. తేనెపట్టు మైనం కరిగించి, పుల్లతో ప్రతి గోరు మొదట్లో అర చందమామలా అద్దాను. దాని మీద గోరింట. పొద్దున మైనం గీకేస్తే... అబ్బ! పది ఎర్రటి గోళ్ళు, పది తెల్లటి చందమామలు. నెయిల్ ఆర్ట్ అనే మాట అప్పటికి మాకు తెలియదు. సోకు మాత్రం దండిగా ఉండేది.

ఆ సంబరంలో చేతులు దాచుకోవాలని తోచనే లేదు. గడిలో ఉతికిన బట్టల మూట దించుతుంటే దొరసాని కంట పడ్డాను.

"ఏందే లచ్చీ, నీ పోరి గోర్ల మీద గా చిత్రాలేంది? నా బిడ్డలకే లేవు గసుంటియి. చౌడు పెట్టి రుద్దు."

అవ్వ అక్కడే నన్ను కూర్చోబెట్టి రుద్దింది. చౌడు, బూడిద, ఇటుక పొడి... చేతులు మండిపోయాయి. ఎరుపు చెక్కుచెదరలేదు.

"పోతలేదు దొరసానీ. ఇది గోరు పెరిగితేనే పోతది," అంది అవ్వ.

ప్రతి మాట చివరా 'నీ బాంచెన్', అంటే నీ బానిసను, అనే అవ్వ ఆ రోజు అనలేదు. నేను గమనించాను. దొరసానీ గమనించింది.

"అయితే గది పోయేదాంక గీ పోరి నా గడప తొక్కొద్దు."

"బిడ్డ రాకుంటే నాకు మూట అందిచ్చేదెవరు? ఇగ నేను గూడ రాను."

అవ్వ నా చెయ్యి పట్టుకుని బయటికి నడిచింది. విడిచిన బట్టలు అక్కడే ఉండిపోయాయి.

మా కూలి అంటే పొద్దూకాక ఇంటింటికీ తిరిగి తెచ్చుకునే బువ్వే. గడి బువ్వ ఆగిపోయింది. మిగతా ఇళ్ళవాళ్ళు కూడా దొరకు జడిసి సగం గంటె వడ్డించేవాళ్ళు. అంబలి పలచబడింది. గోరు పెరిగేకొద్దీ నా చందమామలు మాత్రం పెద్దవవుతున్నాయి... కానీ ఎంత నెమ్మదిగా! ఒకరోజు ఆకలికి ఆగలేక కుంట గట్టు మీద బండకు గోళ్ళు అరగదీయడం మొదలుపెట్టాను. రక్తం వచ్చింది. అవ్వ చూసి పరుగెత్తుకొచ్చింది. కొడుతుందనుకున్నాను.

"నువ్వే చెరుపుకుంటే నేనెందుకొచ్చిన్నే బయటికి?" అంది, నా వేలికి తడి కొంగు చుడుతూ. ఆ రోజు ఏడ్చినట్టు నేను మళ్ళీ ఎన్నడూ ఏడవలేదు.

గడిలో బట్టలు గుట్టపడ్డాయి. పక్క ఊరి వాళ్ళను పిలిపిస్తే, "ఇంకొకరి ఊరి బట్టలు మేం ముట్టం" అని వెళ్ళిపోయారట. మా కులంలో అదే కట్టుబాటు. బతుకమ్మ పండుగ దగ్గరపడింది, కట్టుకోవడానికి ఉతికిన చీర లేదు. ఇక దొరసానే కబురు పంపింది.

అవ్వ నన్ను వెంటబెట్టుకునే వెళ్ళింది. నా రెండు చేతులూ దొరసాని ముందు చాపించింది.

"ఇంక సగం ఎర్రగనే ఉన్నయ్ దొరసానీ, సూడుండ్రి."

దొరసాని చూసింది. మొహం పక్కకు తిప్పుకుని, "మూట తీస్కపో," అంది. అంతే... అంతకంటే ఏం కావాలి మాకు!

మొన్న మా మనవరాలు డైనింగ్ టేబుల్ నిండా నెయిల్ పాలిష్ సీసాలు పరిచి నా చెయ్యి లాక్కుంది. ఏం డిజైన్ కావాలంటే చెప్పాను... ఎరుపు, మొదట్లో తెల్ల చందమామ. బాగానే వేసింది పిల్ల.

"నచ్చకపోతే చెప్పు అమ్మమ్మా, రెండు నిమిషాల్లో తుడిచేస్తా," అంటూ దూది తీసింది.

"ముట్టుకున్నవంటే చెయ్యి ఇరుగుతది!" అన్నాను. బిత్తరపోయింది పాపం. ఇదంతా చెబితే ఇప్పుడు తనే కూర్చుని టైపు చేస్తోంది.

ఈ పిల్లలు రోజుకో రంగు వేసుకుంటారు, ఎవరినీ అడగక్కర్లేదు. నాకెంత సంతోషమో... ఒక్క దిగులు మాత్రం ఉంది. ఆ పిడికెడు ముద్దా నా గోళ్ళకే సరిపోయింది. అవ్వ గోళ్ళకు ఒక్క చందమామ కూడా నేను పెట్టలేదు.

మీ చిన్న సరదా కోసం మీ అమ్మ ఎవరికి ఎదురు నిలబడిందో... గుర్తుంటే కింద రాయండి. కళ్ళజోడు పెట్టుకుని అన్నీ చదువుతాను.