చెప్పి వెళ్లినప్పుడు కదలని నేల

2005లో నేను ఖమ్మంలో ఒక చిన్న టెస్టింగ్ ఏజెన్సీలో టెక్నీషియన్‌ని. గనుల్లో రాయి పేల్చినప్పుడు చుట్టుపక్కల నేల ఎంత కంపిస్తుందో కొలవడం నా పని. సీస్మోగ్రాఫ్ అనే పెట్టెకు ఉన్న సెన్సార్‌ను నేలలో గుచ్చితే, పేలుడు జరగ్గానే కంపనం ఎంతో చీటీ మీద అచ్చవుతుంది.

ఆ చలికాలం ఇల్లందు అవతల అడవి అంచున ఒక ప్రైవేటు రాతి గనికి వెళ్లాను. పేలుళ్లకు తన బావి రాతికట్టు ఊడి పడుతోందని ముత్తమ్మ అనే మిరప రైతు మండలాఫీసులో అర్జీ పెట్టుకుంది. కంపనం కొలిపించమని వాళ్లు చెప్పడంతో గనివాళ్లు మా ఏజెన్సీని పిలిచారు. బస్టాండు నుంచి నన్ను గని మేనేజరే జీపులో తీసుకెళ్లాడు. ఆ జీపును చూడగానే ఆమె ముఖం మాడ్చుకుంది.

"వాళ్ల బండిల వచ్చినోనివి, మా దిక్కు ఏం రాస్తవ్?"

ఆ రోజు కంపనం చాలా తక్కువ. వారం తర్వాత మళ్లీ వెళ్లినా అంతే. బావిలోకి తొంగి చూస్తే రాళ్లు ఊడిన చోట్లు పచ్చిగా ఉన్నాయి. పరిహారం కోసం ముత్తమ్మ వాళ్లే గడ్డపారతో తీస్తున్నారేమోనని నాకు అనుమానం వచ్చింది. మనసులో దాచుకోక అడిగేశాను.

ముత్తమ్మ బావి వైపు చెయ్యి చూపించింది. "తోట మొత్తానికి ఉన్నది గీ ఒక్క బాయే. దాన్ని నేనే కూలగొట్టుకుంటనా సారూ?" తర్వాత గొంతు తగ్గించి, "నువ్వొచ్చే దినం వాళ్లకు ముందుగాల్నే చెప్తవా?" అంది.

"చెప్పాలమ్మా, రూలు."

"అవ్ మరి! నువ్వొచ్చిన నాడు పటాకు పేలినట్టు పేలుతది. మిగిలిన దినాలు ఇంట్ల గిన్నెలు కింద పడుతయ్. ఒక్కపాలి చెప్పకుండ రా."

తిరిగి వస్తుంటే జీపులో మేనేజరు నవ్వుతూ, "ఏమంటోందండీ ఆవిడ?" అని అడిగాడు. అంతకుముందు కూడా అలాగే అడిగాడు. అప్పుడు చెప్పాను, ఈసారి చెప్పబుద్ధి కాలేదు.

తర్వాతి సెలవు రోజున పెట్టెను దుప్పట్లో చుట్టుకుని బస్సెక్కాను. బావికి కాస్త దూరంలో సెన్సార్ గుచ్చాను. మధ్యాహ్నం గని సైరన్ మోగింది. కాసేపటికి కాళ్ల కింద నేల ఎగిరినట్టయింది. బావిలో రెండు రాళ్లు దబ్బున పడ్డాయి. చీటీ మీది అంకె మునుపటి రెండింటికీ ఎన్నో రెట్లుంది.

ముత్తమ్మ చీటీ వైపు చూడనే లేదు. "గిప్పుడెవలు తీసిండ్రు సారూ?"

"తప్పుగా అనుకున్నానమ్మా" అన్నాను.

నోటీసు ఇవ్వకుండా తీసిన రీడింగ్ చెల్లదు, తీసెయ్యమన్నాడు మా యజమాని. నేను మూడు చీటీలూ రిపోర్టుకు జతచేసి, ఏ రోజు గనికి ముందే తెలుసో, ఏ రోజు తెలియదో పక్కనే రాశాను. మండలాఫీసువాళ్లు తామే చెప్పకుండా వెళ్లి చూశారు. పేలుడు మందు తగ్గించమని, బావి బాగుచేయమని ఉత్తర్వులొచ్చాయి. అప్పటికే బావి ఒక పక్క జారిపోయి, నీళ్లందక సగం తోట ఎండిపోయింది. ఆ గని మా ఏజెన్సీని మళ్లీ పిలవలేదు.

యంత్రాన్ని సరిచూసుకోవడం ఉద్యోగంలో చేరినప్పుడే నేర్పారు. నేను వస్తున్నట్టు ఎవరెవరికి తెలుసో ముందు కనుక్కోవడం మాత్రం నాకు ముత్తమ్మే నేర్పింది.