గీత దాటి ఆగిపోయిన రమాదేవి

2022 చలికాలం. కానిస్టేబుల్ ఉద్యోగానికి సిద్ధమవుతున్న అమ్మాయిలకు ఖమ్మంలో ఒక కోచింగ్ సెంటర్ వాళ్లు ట్రయల్ రన్ పెట్టారు. ఎనిమిది వందల మీటర్ల పరుగు. ఫస్ట్ ఎయిడ్ చూడమని నన్ను పిలిచారు. స్టాఫ్ నర్సుగా అప్పటికి నాకు పదిహేనేళ్ల అనుభవం.

రమాదేవిది పర్ణశాల దగ్గర ఊరు. నాలుగేళ్ల కూతురుంది. వయసు పరిమితి దాటిపోతోంది కాబట్టి ఆమెకు ఇదే ఆఖరి అవకాశం. ఆ రోజు భద్రాచలం బస్సు ఆలస్యమైంది. ఆమె వచ్చేసరికి మిగతావాళ్లు వార్మప్, అంటే మెల్లగా పరుగెత్తి ఒళ్లు వేడెక్కించుకోవడం, ముగించి గీత మీద నిలబడి ఉన్నారు. సంచి వెంట వచ్చిన భర్త చేతికిచ్చి నేరుగా వెళ్లి వాళ్లలో కలిసింది. నేను చూశాను. కాసేపు ఆగమని కోచ్‌కు చెప్పాల్సింది. నాకెందుకులే అనుకున్నాను.

మొదటి రౌండ్‌లో బాగా వెనకబడింది. రెండో రౌండ్‌లో పళ్లు బిగించి ఒక్కొక్కరినీ దాటింది. గీత దాటగానే నడుము మీద చేతులు పెట్టుకుని కదలకుండా నిలబడిపోయింది. ముఖం పాలిపోయింది. నేను లేచేలోపే కూలిపోయింది.

నాకన్నా ముందే భర్త చేరుకుని చంకల కింద చేతులేసి లేపుతున్నాడు. ఎవరో కుర్చీ తెచ్చారు.

"లేపకు తమ్మీ, పండబెట్టు," అన్నాను.

"కూసుంటే జర నయమైతది మేడం."

"కూసోబెడితే తలకు రక్తం అందది. కిందికి దించు."

అతను వదల్లేదు. "దీనికేమన్నయితే ఎవలు జిమ్మేదారు?"

"నేనే."

ఆ మాటతో అతను పట్టు వదిలాడు. పడుకోబెట్టి, కాళ్లు పైకెత్తి పట్టుకోమన్నాను. ఊపిరి ఆడుతోంది. మెడ దగ్గర నాడి సన్నగా, మెల్లగా తగిలింది. గుండె జబ్బేమోనన్న భయంతో అంబులెన్స్‌కు ఫోన్ చేయించాను. అతను భార్య పాదాలు పట్టుకుని "ప్రభువా, ప్రభువా" అంటున్నాడు. నాడి మీద నుంచి నేను వేలు తీయలేదు.

ఆమె కళ్లు తెరిచింది. "నేను ఎన్నోదాన్ని?" అంది.

దవాఖానాలో ఈసీజీ బాగానే వచ్చింది. పరుగెత్తేటప్పుడు కాళ్ల కండరాలే రక్తాన్ని పైకి తోస్తాయని, ఒక్కసారిగా ఆగితే అది కాళ్లలోనే నిలిచిపోతుందని డాక్టర్ చెప్పారు. అందుకే కూల్‌డౌన్, అంటే పరుగు తర్వాత కొంతసేపు నడవడం, అవసరమన్నారు. వార్మప్ లేకపోవడంతో పిక్క కూడా పట్టేసింది.

"ఇగ ఉరకొద్దంటరా మేడం?" అని రమాదేవి నన్ను అడిగింది.

"ఉరుకు. ముందు ఒళ్లు వేడి చేసుకో. అయిపోయినంక ఆగకు, నడువు."

ఇదంతా నాకు తెలియనిది కాదు. ఎవరైనా పడిపోయాకే నర్సు పని మొదలవుతుందని అనుకోవడమే నా తప్పు. పడకముందు చెప్పే ఒక్క మాట కూడా వైద్యమేనని ఆ రోజు నేర్చుకున్నాను.

అసలు పరీక్ష రోజు ఆమె నుంచి ఫోన్ వచ్చింది. ఆయాసపడుతోంది.

"మేడం, క్వాలిఫై అయిన."

"కూసున్నవా?"

"యాడ కూసుంటా? మా ఆయన చెయ్యి పట్టుకుని నడిపిస్తనే ఉన్నడు. జర ఆగమని మీరన్నా చెప్పున్రి."