గొలుసు తిరిగి పెట్టడానికి వెళ్లిన దొంగ

అతణ్ణి అందరూ బల్లి అనేవారు. ఆ పేరు పెట్టింది రంగుల మేస్త్రీ. ఎత్తైన భవనాలకు బయటివైపు రంగులు వేసే ముఠాలో తాడు కట్టుకోవడానికి బద్ధకించేది అతనొక్కడే. బొటనవేలు ఆనేంత అంచు దొరికితే చాలు, గోడకు అతుక్కుపోయేవాడు. "ఒరేయ్ బల్లీ, నువ్వు పడితే నన్ను లోపలేస్తారురా!" అని మేస్త్రీ కింద నుంచి మొత్తుకునేవాడు.

మా బాల్కనీకి పావురాల వల కట్టడానికి వచ్చేసరికే అతని సంగతి వీధంతా తెలుసు. నాకూ తెలుసు. అయినా మనిషి ఎదురుగా కనిపించేసరికి నోరు ఊరుకోలేదు.

"అంత ఎత్తు ఎలా ఎక్కేవారు?" అని అడిగాను.

"ఎక్కడం ఏముందండీ, ఇంటి గుట్టు పట్టడమే కష్టం" అన్నాడు మేకు కొడుతూ.

రంగు వేస్తూ వేలాడేటప్పుడే అతనికి ఇళ్ల అలవాట్లు తెలిసిపోయేవి. ఆరేసిన బట్టలు చూసి ఇంట్లో ఎందరున్నారో, ఎవరు ఊరెళ్లారో చెప్పేవాడు. కింది అంతస్తుల వాళ్లు కిటికీలకు ఊచలు బిగించుకుంటారు. పైవాళ్లు ఇక్కడికెవడొస్తాడులే అని బార్లా తెరిచి పెట్టుకుంటారు. రాత్రిళ్లు మాత్రం వెళ్లేవాడు కాదు. అప్పుడు చీమ చిటుక్కుమన్నా వినిపిస్తుంది. సాయంత్రం ముందు గదిలో టీవీ, వంటింట్లో కుక్కరు మోగుతుంటే వెనక పడగ్గది ఖాళీగా ఉంటుంది. చెప్పులు మీటర్ల పెట్టె వెనక దాచి, మురుగు గొట్టాన్ని పిడికిలితో తట్టి చూసి, వదులుగా గలగలమనకపోతే ఎక్కేవాడు.

"కిటికీలో ముందు చెయ్యి పెట్టకూడదండీ, ముక్కు పెట్టాలి. మనిషి ఉన్న గది వాసనే వేరు."

అసలు కిటుకు వేరే ఉంది. ఇంటికి ఒక్క వస్తువే. బీరువాలో గొలుసులుంటే అడుగున ఉన్నదొక్కటి తీసి, మిగతావి ఉన్నవి ఉన్నట్టే సర్దేవాడు. ఇంటివాళ్లు ఎప్పుడో చూసుకుని, ఎక్కడ పెట్టి మరిచిపోయామోనని పరుపులు దులుపుకుంటారు తప్ప పోలీసుల దాకా పోరు. తీసినదాన్ని అటక మీద పాత రంగు డబ్బాలో చాలాకాలం ఉంచాకే అమ్మేవాడు. భార్య దృష్టిలో ఆ డబ్బంతా రంగుల కూలీయే. తన వల్ల ఎవరి కంటా నీళ్లు రాలేదని అతనికి గట్టి నమ్మకం కూడా ఉండేది.

ఒక మధ్యాహ్నం అతను అన్నం తింటుండగా మరదలు, అంటే భార్య చెల్లెలు, ఏడుస్తూ వచ్చి గుమ్మంలో కూలబడింది. ఆమె ఇళ్లల్లో వంట చేసేది.

"గొలుసు పోయిందట బావా. పడగ్గది వైపు వచ్చే బయటిదాన్ని నేనొక్కదాన్నేనట. నలుగురి ముందు నా సంచి గుమ్మరించి, దొంగదానా అంది."

"ఏ ఇల్లే?" అంది అక్క.

"కొత్తగా చేరానే, ఆ నీలం భవనంలో. నాలుగో అంతస్తు."

బల్లి చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. ఆ గోడలకు నీలం రంగు వేసింది అతనే. ఆ గొలుసు అటక మీద ఉంది.

"అప్పుడు తెలిసొచ్చిందండీ," అన్నాడు నాతో. "అన్నీ పోతే బయటి దొంగంటారు. ఒక్కటే పోతే లోపలివాళ్ల మీద పడతారు. ప్రతి ఇంట్లోనూ ఎవరో ఒకరి మీద పడే ఉంటారు కదా!"

గొలుసు గుమ్మంలో పడేస్తే, వంటమనిషే భయపడి వదిలిందంటారు. బీరువా సొరుగు వెనక జారిపడినట్టుండాలి. మర్నాడు సాయంత్రం అదే గొట్టం ఎక్కి, సొరుగు వెనక గొలుసు జారవిడిచాడు. వెనుదిరిగి కిటికీలోంచి ఒక కాలు బయట పెట్టాడో లేదో, ఇంటావిడ వచ్చింది. గొలుసు పోయినప్పటి నుంచి ఆవిడ ఆ గదిలోకి మాటిమాటికీ తొంగిచూస్తోంది.

"దొంగ! దొంగ! ఏం తీశావురా?"

"ఏమీ తియ్యలేదమ్మా. పెట్టాను."

గొట్టం పట్టుకుని జారిపోవచ్చు. కానీ తను పారిపోతే, మరదలే మనిషిని పంపించిందంటారు. కాలు లోపలికి తీసుకుని నేల మీద కూర్చున్నాడు.

స్టేషన్లో ఎస్సై పగలబడి నవ్వాడు. "తీస్తూ దొరికినవాళ్లను చూశాను గానీ, పెడుతూ దొరికినవాణ్ణి ఇప్పుడే చూస్తున్నా. ఆ గొట్టం మనిషన్నవాడు ఎక్కలేడు. తలుపు ఎవరు తీశారో చెప్పు, ఆ వంటామేనా?"

"నేను ఎక్కి చూపిస్తానండీ" అన్నాడు బల్లి.

మర్నాడు పొద్దున వీధంతా చూస్తుండగా ఎక్కాడు. మేస్త్రీ నోరు తెరుచుకుని నిలబడ్డాడు. ఎవరో ఈల కూడా వేశారు. కిందికి దిగాక గుంపులోంచి భార్య ముందుకొచ్చింది.

"ఇన్నాళ్లూ నువ్వు వేసిన రంగులు ఇవా?" అంది.

శిక్ష పడింది. ఇంటావిడ మళ్లీ పనిలోకి రమ్మని మరదలికి కబురు పంపింది. "తిట్టింది నలుగురిలో, పిలిచేది చాటుగానా?" అని మరదలు వెళ్లలేదు. ఇప్పుడు ఇంట్లోనే వండి ఆఫీసులకు క్యారియర్లు పంపుతోంది. జైలు నుంచి వచ్చిన బావకూ ఒకటి కట్టిస్తుంది గానీ, అతనితో మాట్లాడదు.

"మళ్లీ ఎక్కాలనిపించదా?" అని అడిగాను.

వల మూల గట్టిగా లాగి చూసి, "అనిపిస్తుందండీ," అన్నాడు. "కొత్త భవనం కనపడితే కళ్లు ముందు గొట్టం మీదికే పోతాయి. అక్కణ్ణుంచి వంటింటి కిటికీకి పోతాయి. లోపల ఎవరు పనిచేస్తున్నారో అని."