పెళ్లితోటకి ఊరు ఎంత దూరం

ఒక్క పెళ్లిళ్ల సీజనులో మా అప్పకు, అంటే మా అక్కకు, పోయినవి ఇవి. తొమ్మిది ముహూర్తాలకు అరవై ఒకటిన్నర లీటర్ల పాలు. గేదెలు బెదిరి తెంపుకున్న పలుపులు మూడు. వాటి కాలి తన్నుకు పగిలిన కుడితి గోలెం ఒకటి. పాలు అందక, రోజూ పోయించుకునే వాడిక వేరే ఇంటికి మార్చుకున్నవాళ్లు నలుగురు. ఇవన్నీ నేను స్వయంగా రాసుకున్న లెక్కలు.

గజపతినగరం వెళ్లే రోడ్డు పక్కన, మా అప్ప పశువులశాలకు ఎదురుగా, ఒక షావుకారు మామిడితోటను ఆరుబయట పెళ్లిళ్లకు లాన్‌గా మార్చాడు. అక్కడ డీజే మోగితే ఇక్కడ గేదెలు పాలు చేపవు. మూడు గేదెల పాలే మా అప్పకు ఆధారం. చివరికి సంత బేరగాడొకడు వచ్చి ఒక గేదె పళ్లు చూసి వెళ్లాడు. వచ్చే ఆదివారం తోలుకుపోతానన్నాడట. ఆ మాట విన్నరోజే నేను పంచాయతీ ఆఫీసుకు వెళ్లాను.

ఇళ్లకూ పెళ్లివేదికకూ మధ్య అయిదు వందల అడుగులు ఉండాలని మా పంచాయతీ షరతు. అది తప్పారని కార్యదర్శితో గట్టిగా చెప్పాను. ఆయన నెమ్మదిగా ఫైలు తీసి ఒక కాగితం నా ముందు పెట్టాడు. ఊరి చివర నుంచి వేదిక వరకూ అయిదు వందల ఇరవై అడుగులు. కింద సంతకం నాది.

కొలిచింది నేనే! కొలిచిన వందల కొలతల్లో అదొకటి, మరిచేపోయాను. నేను ఎక్కడా సర్వే చదువుకోలేదు. టేపు పట్టుకుని పొలాల గట్లు కొలిచీ కొలిచీ నేర్చుకున్న విద్య. షావుకారు పిలిచినప్పుడు వెళ్లి అంగుళం తేడా లేకుండా కొలిచాను. ఎక్కడ నుంచి కొలిచానో అదే తప్పు.

మా ఊళ్లో అమ్మవారి పండగకు ఘటాలు ఒక పొలిమేర రాయి దాకా వెళ్లి వెనక్కి తిరుగుతాయి. రాయి ఇవతలది ఊరు, అవతలది పొలం. నా చిన్నప్పటి నుంచీ అంతే. రాయి అవతల పద్నాలుగు ఇళ్లు లేచాయి, చివరిది మా అప్పది. అయినా "ఊరి చివర ఎక్కడ?" అంటే ఇప్పటికీ అందరి వేలూ ఆ రాయి వైపే. నా టేపు మొన కూడా అక్కడే ఆనింది. ఆ పద్నాలుగు ఇళ్లనూ నేనే పొలం కింద కలిపేశాను.

అప్పతో చెబితే నెత్తిన ఒకటి మొట్టింది. "ఒరే, లెక్కలోడా! పండక్కొచ్చి గారెలు తింటావు కదా, అప్ప ఇల్లు నీకు అగుపళ్లేదేట్రా?"

నేను సిగ్గుపడాలి. కానీ లోపల ఒకటే హుషారు. తప్పు దొరికింది, మరి దిద్దవచ్చు! శనివారం గ్రామసభ. ఆదివారం బేరగాడు వస్తాడు. మధ్యలో ఒక్క పూట.

సభలో నా తప్పు నేనే చెప్పుకున్నాను. ముందు వరసలోని తాత ఒకాయన లేచాడు. "తాతలనాటి రాయి. దాన్ని జరిపితే అమ్మోరికి కోపం వస్తాది."

మా అప్ప వెనక నుంచి అరిచింది. "రాయిని ఎవుడు జరపమన్నాడు తాతా? టేపు జరపండి సాలు!"

నవ్వులు ఆగేలోపే కార్యదర్శి లేచాడు, వెనకే ఊరంతా కదిలింది. అప్ప ఇంటిని ఆనుకునే ఉన్న పశువులశాల గోడకు టేపు ఆనించాం. ఆడవాళ్లు కూడా మాతో పాటు గట్టిగా అంకెలు చదివారు. వేదిక మెట్టు దగ్గర టేపు ఆగింది. రెండు వందల పదహారు.

షావుకారు నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు. "ఏటి బావూ, అప్పుడు అయిదొందల ఇరవై అన్నావు. నీ టేపు సలికి ముడుసుకుపోనాదేటి?"

"టేపు సరిగానే ఉన్నాది షావుకారూ. మడిసే తప్పు సోట నిలబడ్డాడు," అన్నాను.

ఆయన మంచివాడే. ముహూర్తాలకు బయానాలు పుచ్చుకున్నాడు, లాన్ మూయలేడు. వేదికను తోట అవతలి కంచె దగ్గరికి మారుస్తానని, డీజే పెట్టెల మొహం కొండవైపు తిప్పుతానని అందరి ముందూ ఒప్పుకుని తీర్మానం మీద సంతకం పెట్టాడు. మర్నాడు బేరగాడు వస్తే అప్ప టీ ఇచ్చి పంపేసింది. "గేదె నేదు, ఏటీ నేదు. ఎల్లిరా బావూ."

మారిన వేదిక మీద మొదటి ముహూర్తం నాడు పాలు పితికే వేళకు నేను కొలత చెంబుతో శాలలో హాజరు. సాయంత్రం ఆరు లీటర్లు. మర్నాడు పొద్దున్న ఎనిమిది. ఒక్క చుక్క తగ్గలేదు! రెండోసారి కొలవబోతే అప్ప చెంబు లాక్కుంది. "సాల్లేరా, పాలకి దిష్టి తగుల్తాది."

ఆ తర్వాత కొత్త వేదిక దాకా కొలిచాను, ఈసారి గోడ నుంచే. నాలుగు వందల అరవై మూడు. కంచె అడ్డు, ఇంక వెనక్కి జరిగే చోటు లేదు. కంచె అవతలి పొలం చెక్క కొనగానే మిగతాది జరుపుతానని తీర్మానం కింద షావుకారు కొత్తగా రాసి ఇచ్చాడు. ఆ చెక్క బేరం ఇంకా తెగలేదు. కనబడినప్పుడల్లా నేను అడుగుతూనే ఉన్నాను. మా అప్ప గోడకు షావుకారు ఇవ్వాల్సింది ఇవాళ్టికి ముప్పై ఏడు అడుగులు.