ఎడమ చేతి పని

పోయిన ఏడాది పక్షవాతం వచ్చి నా తోడికోడలికి ఎడమ చెయ్యి పడిపోయింది. చూడవచ్చిన వాళ్లందరిదీ ఒకటే మాట. "కుడిచెయ్యి బాగుండాది కదా, తినేకి ఇబ్బంది లేదులే." నేనూ అదే అన్నాను.

ఇద్దరివీ ఒకే వాకిట్లో కాపురాలు. ఆస్పత్రి నుంచి వచ్చాక ఆమె తిండి తగ్గించింది. రాగి సంగటి పెడితే సగం పక్కకు తోసేది. తిండి పారేస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఒకరోజు గట్టిగానే అరిచాను.

"ఎవరి మీద అలిగి ఈ ఉపాసాలు?"

ఆమె తలుపు వైపు చూసి గొంతు తగ్గించింది.

"తింటే దొడ్డికి పోవల్ల కదక్కా. కడిగిన చేత్తోనే ముద్ద ఎత్తాలంటే నోట్లోకి పోదు. కోడలు కడుగుతానంటాది. దానికన్నా చచ్చేది మేలు."

నాలుగో తరగతితో బడి మానినదాన్ని, కానీ ఇది తెలియడానికి చదువెందుకు? ఎవరికీ తట్టలేదు, అంతే.

కదిరి ఆస్పత్రిలో కసరత్తు చేయించే అమ్మాయి మెత్తటి బంతి ఇచ్చి పిసకమంది. ఈమె రెండు రోజులు పిసికి గూట్లో పడేసింది. తనకు కావలసిన పనినే పట్టుకుంది. బకెట్టు ముందు కూర్చుని ఎడమ అరచేతిలో నీళ్లు పట్టేది. వేళ్లు ముడుచుకోక అన్నీ కారిపోయేవి. మళ్లీ పట్టేది. తర్వాత ఆ చేతిని నడుము వెనక్కి తిప్పేది. భుజం నొప్పికి పళ్లు కొరికేదే కానీ అరిచేది కాదు.

మాది ట్యాంకరు వస్తేనే నీళ్లుండే ఊరు. చెంబెడు ఒలికితే పిల్లలను తిట్టే నేను, ఆమెకు బిందె మీద బిందె మోశాను. పారిన నీళ్లను కరివేపాకు చెట్టుకు మళ్లించాననుకోండి.

నా తప్పూ ఉంది. జబ్బు మనిషి కదా అని ప్రతి పనీ ఆమె చేతిలోంచి లాక్కునేదాన్ని. ఒకరోజు నేను తోముతున్న గిన్నెను గట్టిగా పట్టుకుంది.

"అన్నీ నువ్వే చేస్తాంటే ఈ చెయ్యి ఇంక దేనికి లేస్తాది? ఆడ పెట్టి పో."

"జిడ్డు అట్నే ఉంటాదే!"

"ఉండనీ. నాలుగు దినాలు జిడ్డు తింటే చావవులే!"

జిడ్డు గిన్నెల్లోనే తిన్నాం. నాకు ఎదురు చెప్పగలిగింది ఆ వాకిట్లో ఆమె ఒక్కతే.

వేరుశనక్కాయలు పీకే కాలానికి, ఒక పొద్దున ఆమె మరుగుదొడ్డిలోంచి వచ్చి ఎడమ చేతికి సబ్బు రుద్దుకుంటూ నిలబడింది. నేను చెంబుతో ఆ చేతి మీద నీళ్లు పోశాను.

ఆ వారమే కదిరికి తీసుకుపోయాను. డాక్టరు బల్ల మీద చొక్కా గుండీలు పోసి, ఎడమ చేత్తో ఒక్కొక్కటే ఎత్తమన్నాడు. ఒక్కటీ వేళ్లకు దొరకలేదు. ఆయన తల అడ్డంగా ఊపి చీటీలో ఏదో రాశాడు. నాకు చెప్పలేనంత కోపం వచ్చింది.

బయటికి వచ్చాక ఆమె నవ్వింది. "గుండీలు ఆయప్పకు కావల్ల. నాకెందుకక్కా? నేను తొడిగేది చొక్కానా? ఆకలైతాండాది, హోటల్‌కి పా."

హోటలు తిండంటే నాకు గిట్టదు. ఆ రోజు ఆమె మూడో దోసె తెప్పించుకున్నా నోరెత్తలేదు.